ఊరంతా వచ్చి అరిచిన రోజే మా అమ్మాయి ఎందుకు వెనకబడింది?

పరకాల_పీఈటీ
నేను పరకాల దగ్గర ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి. తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయి మూడేళ్లుగా నా దగ్గర 800 మీటర్ల పరుగు సాధన చేస్తున్నది. కరీంనగర్‌లోనూ ఖమ్మంలోనూ తనను ఎరిగినవారు ఒక్కరూ లేని మైదానాల్లో 2 నిమిషాల 22, 23 సెకన్లలో పరుగు ముగించిన పిల్ల, మొన్న హనుమకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో జరిగిన పోటీలో 2 నిమిషాల 29 సెకన్లు తీసుకొని ఐదో స్థానంలో నిలిచింది. ఒంట్లో నలత లేదు, కాలికి దెబ్బ లేదు, ముందు రోజు నిద్ర కూడా బాగానే పట్టిందట. మారింది ఒక్కటే. ఆ రోజు ఆమె కోసం ఊరి నుంచి రెండు ట్రాక్టర్లలో, ఒక డీసీఎం వ్యాన్‌లో జనం వచ్చారు. సర్పంచి మొదలుకొని మేనమామ పిల్లల దాకా అందరూ గ్యాలరీలో నిలబడి పేరు పెట్టి పిలిచారు, ఈలలు వేశారు, డప్పులు కొట్టారు.

పోటీ అయ్యాక ఆ పిల్ల ఎవరితోనూ మాట్లాడకుండా స్పైక్స్ విప్పి సంచిలో పెట్టుకొని గోడ వైపు తిరిగి కూర్చున్నది. వచ్చే నెల అదే స్టేడియంలో మళ్లీ పోటీ ఉంది, ఈసారి ఊరివాళ్లు ఇంకో డీసీఎం కూడా మాట్లాడుతున్నారు. నేను వాళ్లను రావద్దని చెప్పాలా? చెప్తే ఊరు నొచ్చుకుంటుంది, చెప్పకపోతే పిల్ల మళ్లీ నలిగిపోతుందేమోనని నాకు భయంగా ఉంది. సొంత జనం ముందు పోటీ పడిన అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

కాజీపేట_రైలు
రావద్దని మాత్రం చెప్పకండి సార్. సొంత జనం కేకలు వేస్తే కాళ్లకు రెక్కలు వస్తాయని క్రీడలు చూసే ప్రతివారికీ తెలుసు. ఒక్క రోజు తేడా పడినంత మాత్రాన జనాన్ని తప్పుపట్టడం న్యాయం కాదు.

కూత_వీరన్న
కాజీపేట తమ్ముడు గ్యాలరీలో కూర్చున్నవాడి మాట చెప్తున్నాడు, నేను కోర్టులో నిలబడ్డవాడి మాట చెప్తాను. పదిహేనేళ్లు కబడ్డీ ఆడాను. జనగామ, హుస్నాబాద్, ములుగు వైపు సంక్రాంతి టోర్నమెంట్లలో నేను ఆడని ఊరు తక్కువ. పరాయి ఊళ్లో కూతకు వెళ్తే నా చెవికి నా కూత ఒక్కటే వినిపించేది. సొంత ఊళ్లో వెళ్తే కూత వినిపించేది కాదు, నా పేరే వినిపించేది.

ఒకసారి మా ఊరి ఫైనల్లో ఒక్క పాయింటు ఆధిక్యంలో ఉన్నాం, ఆఖరి నిమిషం, కూత నాది. కూతకు వెళ్లినవాడు తప్పక దాటాల్సిన బాక్ లైన్ దాటి వెనక్కి వస్తే చాలు, 30 సెకన్లు గడిచిపోతాయి. కానీ జనం 'పట్టుకురా, పట్టుకురా' అని అరవడం మొదలుపెట్టారు. వాళ్లకు ఆ పూట పాయింటు కావాలి, గెలుపు తర్వాత సంగతి. నేను లోపలికి చొచ్చుకుపోయాను. అవతలి జట్టు ఎడమ కార్నర్ ఆటగాడు నా చీలమండ దొరకబుచ్చుకున్నాడు, స్కోరు సమమైంది, తర్వాతి కూతలో వాళ్లు పాయింటు తెచ్చుకున్నారు. ఆ రాత్రి నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు, అదే నాకు మరీ బాధ అనిపించింది. సొంత జనం మన చేత మన ఆట కాకుండా వాళ్ల ఆట ఆడిస్తారు. పీఈటీ సార్ భయంలో అర్థం ఉంది.

ఓరుగల్లు_800
పీఈటీ సార్, నేను కాలేజీ రోజుల్లో ఇదే దూరం పరుగెత్తినదాన్ని కాబట్టి రెండు ప్రశ్నలు అడుగుతాను. మొదటి ల్యాప్ ఎన్ని సెకన్లకు వచ్చింది? మీ ఊరివాళ్లు గ్యాలరీలో ఏ చోట నిలబడ్డారు?

పరకాల_పీఈటీ
మామూలుగా మొదటి ల్యాప్ 68 లేదా 69 సెకన్లకు తెస్తుంది, రెండోది 73, 74 పడుతుంది. ఆ రోజు మొదటిది 63, రెండోది 86. జనం అంతా ప్రారంభ గీతకు ఎదురుగా, అంటే ముగింపు గీత దగ్గరే నిలబడ్డారు.

ఓరుగల్లు_800
జవాబు ఆ అంకెల్లోనే ఉంది సార్. 800 మీటర్లలో మొదటి 200 మీటర్లు ఎవరికీ కష్టం అనిపించవు, అక్కడ చేసిన అప్పు 600 మీటర్ల దగ్గర వడ్డీతో సహా కట్టాలి. తుపాకీ పేలగానే ఊరంతా ఒక్కసారి పేరు పిలిస్తే, పద్నాలుగేళ్ల పిల్ల ఒంట్లోకి ఉద్వేగం ఉప్పెనలా వస్తుంది, తను ఎంత వేగంతో పోతున్నదో తనకే తెలియదు. ఐదు సెకన్లు ముందుగా వచ్చిన ల్యాప్‌కు ఆమె రెండో ల్యాప్‌లో 12 సెకన్లు చెల్లించింది. శక్తి తగ్గి ఓడిపోలేదు, దాన్ని తొందరపడి ఖర్చు చేసి ఓడిపోయింది.

నాకూ ఇదే జరిగింది. మా నాన్న మొదటిసారి నా పరుగు చూడటానికి వచ్చిన రోజు తొలి మలుపులో అందరికన్నా ముందున్నాను, ఆఖరి మలుపులో అందరికన్నా వెనక ఉన్నాను.

మనస్తత్వ_లెక్చరర్
ఓరుగల్లు_800 గారు చెప్పిన దానికి శాస్త్రంలో చాలా పాత ఆధారం ఉంది. 1898లో నార్మన్ ట్రిప్లెట్ అనే అమెరికన్ పరిశోధకుడు సైకిల్ పందేల లెక్కలు చూసి, ఒంటరిగా గడియారంతో పోటీపడేవారికన్నా పక్కన మరొకరు ఉన్నప్పుడు తొక్కేవారు వేగంగా పోతున్నారని గమనించి, పిల్లల చేత చేపల గాలపు రీలు తిప్పించి ఆ సంగతిని పరీక్షించాడు. కానీ తర్వాత జరిగిన ప్రయోగాల్లో కొన్నిచోట్ల పక్కన మనుషులుంటే పని మెరుగుపడింది, కొన్నిచోట్ల చెడిపోయింది. ఈ చిక్కును 1965లో రాబర్ట్ జయాన్స్ విప్పాడు. చూసేవారు ఉన్నప్పుడు శరీరంలో ఉద్రేకం పెరుగుతుంది, ఆ ఉద్రేకం మనలో ఏ అలవాటు బలంగా ఉంటే దాన్నే పైకి తోస్తుంది అని ఆయన వాదన. బాగా ఒంటపట్టిన పని ఇంకా బాగా వస్తుంది, ఇంకా కుదురుకోని పని తడబడుతుంది.

ఆయన బృందం 1969లో బొద్దింకల మీద కూడా దీన్ని పరీక్షించింది. తిన్నని దారిలో పరుగెత్తాల్సి వచ్చినప్పుడు, మిగతా బొద్దింకలు చూస్తుంటే అవి వేగంగా పోయాయి. మలుపు ఎంచుకొని గమ్యం వెతుక్కోవాల్సి వచ్చినప్పుడు, చూసేవి ఉంటే ఆలస్యం చేశాయి. మనుషుల్లో 1982 నాటి పూల్ ఆట ప్రయోగం ఇంకా స్పష్టంగా ఉంటుంది. ఆటగాళ్లకు తెలియకుండా దూరం నుంచి గమనించినప్పుడు మంచి ఆటగాళ్లు 71 శాతం, సామాన్యులు 36 శాతం షాట్లు వేశారు. నలుగురు వచ్చి బల్ల పక్కనే నిలబడ్డాక మంచివాళ్లు 80కి పెరిగారు, సామాన్యులు 25కి పడిపోయారు.

మీ అమ్మాయికి పరుగెత్తడం ఒంటపట్టింది, వేగాన్ని పట్టి ఉంచడం ఇంకా ఒంటపట్టలేదు. జనం ఆమెలో మొదటిదాన్ని పెంచారు, రెండోదాన్ని చెరిపారు.

మంచిర్యాల_బొగ్గుబాయి
బొద్దింకల మాట చదివి మా ఇంట్లో పిల్లలు ఇప్పటికే వంటింట్లో పరుగు పందెం పెడదామని తయారయ్యారు. కానీ ఆ తేడా నాకు బాగా అర్థమైంది. మా కాలనీలో క్యారమ్స్ ఆడేటప్పుడు ఇదే జరుగుతుంది.

కూత_వీరన్న
లెక్చరర్ గారి మాట గౌరవిస్తాను, కానీ పూర్తిగా ఒప్పుకోను. ఆ ఫైనల్ నాటికి నేను పన్నెండేళ్లుగా ఆడుతున్నాను. బాక్ లైన్ దాటి తిరిగి రావడం నాకు నిద్రలో కూడా వచ్చు. ఒంటపట్టిన పని బాగా రావాలి కదా, మరి నాకెందుకు చెడిపోయింది?

మనస్తత్వ_లెక్చరర్
వీరన్న గారి ప్రశ్న సరైన చోట తగిలింది. దానికి వేరే వివరణ కావాలి. 1984లో రాయ్ బామైస్టర్, ఆండ్రూ స్టైన్‌హిల్బర్ అనే ఇద్దరు అమెరికా బేస్‌బాల్ ప్రపంచ సిరీస్ ఫలితాలు పరిశీలించి, సిరీస్ తొలి ఆటల్లో సొంత మైదానం జట్లకు లాభం కనిపిస్తున్నా, విజేత తేలే ఆఖరి ఆటలో మాత్రం అవే జట్లు తరచుగా ఓడిపోతున్నాయని రాశారు. గెలుపు చేతికి అందే దూరంలో ఉన్నప్పుడు, మన గురించి మనవాళ్లు ఏమనుకుంటారో అన్న ధ్యాస ఎక్కువవుతుంది. దాంతో ఆలోచించకుండా చేయగల పనిని కూడా ఆలోచించి చేయబోతాం. మెట్లు దిగేటప్పుడు ఏ కాలు ముందు వేస్తున్నానని చూసుకుంటే తూలిపడినట్టే ఇది. ఆ ఫలితాల మీద తర్వాతి పరిశోధకులు కొంత వాదించారు కానీ, జర్మనీ బుందెస్‌లిగా పెనాల్టీలను పరిశీలించిన అధ్యయనంలో కూడా సొంత మైదానంలో కొట్టేవారే బంతిని గోలుకు తగలకుండా పోగొట్టుకోవడం ఎక్కువగా కనిపించింది. పరాయి జనం తిడితే మనకు పోయేది ఏమీ ఉండదు, సొంత జనం ఆశ పెట్టుకుంటే పోగొట్టుకోవడానికి చాలా ఉంటుంది.

కాజీపేట_రైలు
అందరూ ఓటముల గురించే చెప్తున్నారు. 2000 సెప్టెంబరు 25న సిడ్నీ ఒలింపిక్స్‌లో కాథీ ఫ్రీమన్ 400 మీటర్ల ఫైనల్ మరిచిపోయారా? ఒలింపిక్ జ్యోతి వెలిగించింది కూడా ఆమే, దేశం మొత్తం బరువు ఆమె భుజాల మీదే ఉంది. స్టేడియంలో 1,12,524 మంది ఉన్నారు. 49.11 సెకన్లలో బంగారం తెచ్చింది. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో సైనా నెహ్వాల్ ఫైనల్ కూడా చూడండి. మొదటి గేమ్ 19-21తో పోయింది, రెండో గేమ్‌లో ప్రత్యర్థి మ్యాచ్ పాయింట్‌ను కాచుకొని 23-21తో గుంజుకొని, మూడోది 21-13తో గెలిచింది. ఆ బంగారంతో మన దేశం 38 స్వర్ణాలకు చేరి ఇంగ్లండును దాటి రెండో స్థానం పొందింది. 2011లో వాంఖడేలో ప్రపంచకప్ సంగతి నేను చెప్పనక్కరలేదు.

మంచిర్యాల_బొగ్గుబాయి
అదే ఢిల్లీలో, అదే 2010లో, హాకీ ఫైనల్లో సొంత జనం ముందు మనం ఆస్ట్రేలియా చేతిలో 0-8తో ఓడిపోయాం. 2014 జులై 8న బెలో హొరిజోంటెలో బ్రెజిల్ 1-7తో జర్మనీ చేతిలో ఓడిన రోజు కూడా గ్యాలరీ అంతా పసుపు రంగే. 2023 నవంబరు 19న అహ్మదాబాద్‌లో ప్రపంచకప్ ఫైనల్లో వరుసగా పది మ్యాచ్‌లు గెలిచి వచ్చిన మన జట్టు 240 పరుగులకు ఆగిపోయింది, ట్రావిస్ హెడ్ 137 కొట్టాడు. పెద్ద గుంపు నిశ్శబ్దమైపోవడం కంటే తృప్తి ఏముంటుందని ముందు రోజే ఆస్ట్రేలియా కెప్టెన్ కమిన్స్ అన్న మాటను ఆ జట్టు నిజం చేసి చూపింది. 2008లో బీజింగ్ ఒలింపిక్స్‌లో చైనా ఆటగాడు లియు షియాంగ్ అయితే హర్డిల్స్ ప్రారంభంలోనే వెనుదిరిగి వెళ్లిపోయాడు. జనం బరువు మోయలేకనే కదా?

ఓరుగల్లు_800
లియు షియాంగ్ విషయంలో మీరు అన్యాయం చేస్తున్నారు. అతను మడమ వెనక స్నాయువు దెబ్బతిని, నొప్పితో పరుగెత్తలేక తప్పుకున్నాడు. గాయపడిన క్రీడాకారుణ్ణి మనసు బలహీనుడని అనడం మన దేశంలోనూ ఉన్న చెడ్డ అలవాటు. దయచేసి ఆ ఉదాహరణ వద్దు.

మంచిర్యాల_బొగ్గుబాయి
నిజమే అక్కా, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

గోదావరిఖని_రెఫరీ
ఇంతసేపు అందరూ ఆటగాడి గుండె గురించే మాట్లాడారు. సొంత జనం ఎక్కువగా పనిచేసేది ఆటగాడి మీద కాదు, ఈల పట్టుకున్నవాడి మీద అని నా నమ్మకం. ఇరవై ఏళ్లుగా కబడ్డీ, వాలీబాల్ పోటీలకు అంపైరింగ్ చేస్తున్నాను కాబట్టి ఈ మాట సిగ్గుపడుతూనే చెప్తున్నాను. ఒక ఊరి టోర్నమెంట్లో ఆ ఊరి రైడర్ ఎవరినీ తాకకముందే కోర్టు పక్కనున్న లాబీ పట్టీలో అడుగు పెట్టాడు, అంటే అవుట్. నా కళ్లతో చూశాను. ఈల నోటి దాకా వచ్చింది, అంతలో మూడు వేల మంది ఒక్కసారి పాయింటు అని అరిచారు. అడుగు పడిందా లేదా అని నాకే సందేహం పుట్టింది, ఆ అర సెకనులో పాయింటు ఇచ్చేశాను. డబ్బు తీసుకోలేదు, భయపడలేదు, అయినా నా కన్ను చూసినదాన్ని వాళ్ల అరుపు చెరిపేసింది. అవతలి జట్టు కెప్టెన్ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

తర్వాత చదివితే ఇంగ్లండులో దీన్ని కొలిచారని తెలిసింది. అలన్ నెవిల్ బృందం 2002లో ప్రచురించిన ప్రయోగంలో 40 మంది ఫుట్‌బాల్ రెఫరీలకు ఒకే మ్యాచ్‌లోని 47 ఘటనలు వీడియోలో చూపించి, కొందరికి జనం గోల వినిపించారు, మిగతావారికి శబ్దం లేకుండా చూపించారు. గోల విన్నవారు సొంత జట్టు మీద ఇచ్చిన ఫౌళ్లు 15.5 శాతం తక్కువ. స్పెయిన్ లీగులో సొంత జట్టు ఒక్క గోలు వెనకబడి ఉంటే రెఫరీలు అదనపు సమయం ఎక్కువ ఇస్తున్నారని, ముందంజలో ఉంటే తగ్గిస్తున్నారని ఆర్థికవేత్తలు లెక్క తీశారు. కోవిడ్ విరామం తర్వాత 2020 మే 16న జర్మనీలో ఖాళీ స్టేడియాల్లో ఆట మళ్లీ మొదలైనప్పుడు సొంత మైదానం విజయాలు తగ్గాయి, పరాయి జట్టుకు అంతకుముందు ఎక్కువగా పడే పసుపు కార్డులూ తగ్గాయి.

మీరు సొంత మైదానంలో గెలిచిన ప్రతిసారీ అందులో మావంటి వారి తప్పు ఎంత ఉందో ఎవరికీ తెలియదు. గెలిపించింది జనం ప్రేమే అని పాడుకునేముందు ఇది గుర్తుంచుకోవాలి.

కూత_వీరన్న
రెఫరీ గారు, మాకు వ్యతిరేకంగా అటువంటి పాయింట్లు ఎన్ని పోయాయో నాకు లెక్కే లేదు. ఇన్నేళ్లకు ఒక అంపైర్ నోట ఆ మాట వినడం నాకు ఎంతో ఊరట. మనస్ఫూర్తిగా చెప్తున్నాను.

కాజీపేట_రైలు
పరుగులో గడియారమే రెఫరీ కాబట్టి పీఈటీ సార్ ప్రశ్నకు ఈ భాగం వర్తించదు. స్టాప్‌వాచ్‌కు చెవులు ఉండవు.

విల్లంబు_ఉట్నూరు
శబ్దమే లేని ఆట మాది. నేను 70 మీటర్ల విలువిద్య ఆడేవాణ్ణి. వ్యక్తిగత పోటీలో ఒక్కో బాణానికి 20 సెకన్లు, నారి లాగి పట్టుకున్నాక చెవి పక్కన గాలి కూడా వినిపిస్తుంది. మీరంతా అరుపుల గురించి చెప్తున్నారు, నన్ను ఓడించినది నిట్టూర్పు. సొంత జిల్లాలో ఆడినప్పుడు పదికి బదులు ఏడు పడితే గ్యాలరీ నుంచి 'అయ్యో' అని ఒక్క ఊపిరి వస్తుంది. వాళ్లు ప్రేమతోనే అంటారు. కానీ తర్వాతి బాణం పట్టుకున్నప్పుడు చేతిలో ఆ 'అయ్యో' కూడా ఉంటుంది. పరాయిచోట ఏడు పడితే ఎవరూ పట్టించుకోరు, నేనూ మరిచిపోయి తర్వాతి బాణానికి వెళ్లేవాణ్ణి.

నిజామాబాద్_బాక్సర్_అమ్మ
మా ఊరి బిడ్డ నిఖత్ జరీన్ 2022 మేలో ఇస్తాంబుల్‌లో మొదటి ప్రపంచ టైటిల్ గెలిచింది, 2023 మార్చిలో ఢిల్లీలో సొంత జనం మధ్య రెండోది గెలిచింది. పరాయి గడ్డ మీదా గెలిచింది, సొంత గడ్డ మీదా గెలిచింది. అందుకే జనం ఉన్నారా లేరా అన్నది ఒక్కటే అసలు విషయం కాదని నాకు అనిపిస్తుంది.

నా కూతురు జిల్లా స్థాయిలో బాక్సింగ్ చేస్తుంది. ఒక బౌట్ తర్వాత నా దగ్గరకు వచ్చి, అమ్మా, నువ్వు అరవకు, నీ గొంతు వేయి గొంతుల్లోనూ నాకు వేరుగా వినిపిస్తుంది, నాకు దెబ్బ తగిలినప్పుడు నీ గొంతులో వచ్చే వణుకు వింటే నేను చేతులు కిందకు దించుతున్నాను, అని చెప్పింది. అప్పటి నుంచి నేను పోటీకి వెళ్తాను, ఆఖరి వరుసలో కొంగు నోటికి అడ్డం పెట్టుకొని కూర్చుంటాను. ఎంత కష్టమో తల్లులకే తెలుస్తుంది. అన్నా, మీరు ఊరిని మొత్తం ఒకటిగా చూస్తున్నారు. వందమంది గొంతుల్లో ఆ పిల్లకు వినిపించేవి రెండో మూడో ఉంటాయి. అవి ఎవరివో ముందు తెలుసుకోండి.

హనుమకొండ_వాకర్
రోజూ ఉదయం అదే స్టేడియంలో నడుస్తాను కాబట్టి రెండు సంగతులు చెప్తాను. 2021 సెప్టెంబరులో అక్కడ 60వ జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ పోటీలు జరిగాయి. పంజాబ్ అమ్మాయి హర్మిలన్ బైన్స్ 1500 మీటర్లను 4 నిమిషాల 5.39 సెకన్లలో ముగించి, 2002 బుసాన్ ఆసియా క్రీడల నుంచి నిలిచిన సునీతా రాణి జాతీయ రికార్డును తిరగరాసింది. మన ట్రాక్ మీద ఆమెకు చుట్టం లేదు, పక్కం లేదు.

రెండోది మన బిడ్డ గురించి. పర్వతగిరి మండలం కల్లెడ నుంచి వచ్చిన దీప్తి జీవాంజి మన వరంగల్ నేల మీదే పరుగు మొదలుపెట్టి, 2024 మేలో జపాన్ కోబెలో మేధో వైకల్యం ఉన్నవారి 400 మీటర్ల టీ20 విభాగంలో 55.07 సెకన్లతో ప్రపంచ రికార్డు సాధించింది, సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌లో 55.82తో కాంస్యం తెచ్చింది. రెండు చోట్లా కల్లెడ జనం లేరు. కాబట్టి పీఈటీ సార్, ఈ ఏడాదికి డీసీఎం ఆపండి. పిల్ల గట్టిపడ్డాక ఊరు ఎలాగూ వస్తుంది.

ములుగు_టీచరమ్మ
వాకర్ గారి మాట నాకు చాలా నొప్పి కలిగించింది. కల్లెడ జనం గురించి చెప్పినప్పుడు, ఆ అమ్మాయి చిన్నతనంలో ఎన్ని మాటలు పడిందో ఆమె తల్లిదండ్రులు పత్రికలకు చెప్పినది కూడా గుర్తుంచుకోవాలి. మన పల్లెల్లో ఆడపిల్ల నిక్కరు వేసుకొని పరుగెత్తితే వచ్చే మాటలు నాకు తెలుసు. నేను పనిచేసిన ఒక ఊళ్లో ఖోఖో జట్టు పిల్లల ఇళ్లకు వెళ్లి, లోపలి గేటు దగ్గర నిలబడి, ఒక్కొక్క తండ్రినీ బతిమాలి తీసుకువెళ్లేదాన్ని. మైదానంలో వాళ్ల కోసం చప్పట్లు కొట్టడానికి నేను తప్ప ఎవరూ ఉండేవారు కాదు. గెలిచి కప్పు పట్టుకొని ఊళ్లోకి వస్తే అరుగు మీద కూర్చున్నవాళ్లు తల కూడా ఎత్తలేదు.

అటువంటిది ఒక ఊరు తొమ్మిదో తరగతి ఆడపిల్ల పరుగు చూడటానికి పనులు మానుకొని ట్రాక్టర్లు కట్టుకొని వచ్చిందంటే, దాని విలువ ఏడు సెకన్ల కన్నా పెద్దది. ఈసారి రావద్దంటే వచ్చే ఏడు పిలిచినా రారు. ఆ పిల్ల వెనక పరుగెత్తాలనుకునే చిన్న పిల్లలకు కూడా రారు. ఆటగత్తెను జనానికి అలవాటు చేయండి, జనాన్ని ఆమెకు దూరం చేయకండి.

హనుమకొండ_వాకర్
అమ్మా, మీరు చెప్పిన కోణం నాకు తట్టలేదు. డీసీఎం ఆపమన్న మాట తప్పే.

మనస్తత్వ_లెక్చరర్
టీచరమ్మ గారి ఆఖరి వాక్యంలోనే చేయాల్సిన పని ఉంది. ఒత్తిడిని సాధనలోనే కొద్దికొద్దిగా కలిపితే పోటీనాడు అది కొత్తగా అనిపించదు. గోల మధ్యలో సాధన చేయించండి, ఎవరో చూస్తున్నారన్న భావన కలిగించండి. వేగాన్ని పట్టి ఉంచడం అలవాటైతే, అదే జనం అప్పుడు ఆ అలవాటునే బలపరుస్తారు.

ఓరుగల్లు_800
శబ్దం ఎవరి చేతిలో ఉందన్నది కూడా ముఖ్యం. ట్రిపుల్ జంప్‌లో విల్లీ బ్యాంక్స్ 1981లో స్టాక్‌హోంలో జనం చేత లయగా చప్పట్లు కొట్టించుకొని దూకడం మొదలుపెట్టాడు, ఇప్పుడు లాంగ్ జంప్ వాళ్లూ హై జంప్ వాళ్లూ అందరూ చేతులు పైకెత్తి అడిగి తీసుకుంటారు. అడిగి తీసుకున్న చప్పట్లు బలం ఇస్తాయి, అడగకుండా మీద పడినవి తోస్తాయి. సార్, ఇన్ని రోజులుగా మనమంతా మాట్లాడుకున్నాం, ఆ అమ్మాయిని ఎవరైనా అడిగారా?

పరకాల_పీఈటీ
అడగలేదు. ఆ ప్రశ్న చదివాక నాకు చాలా తప్పుగా అనిపించింది. ఈ రోజు సాయంత్రం సాధన అయ్యాక అడిగాను.

చాలాసేపు నేల చూస్తూ ఉండి, 'సార్, మొదట్లో అరిచినప్పుడు మంచిగనే అనిపించింది' అన్నది. మరి ఎక్కడ చెడిందని అడిగితే చెప్పింది. రెండో ల్యాప్‌లో అవతలి వైపు ఇద్దరు తనను దాటినప్పుడు డప్పు ఆగిపోయిందట. ఒక్కొక్కరుగా అందరూ ఆగిపోయారట. 'నేను ఇంకా ఉరుకుతనే ఉన్న సార్, వాళ్లు అప్పటికే ఓడిపోయిన్రు' అన్నది. ఆఖరి 200 మీటర్లు ఆ నిశ్శబ్దంలో పరుగెత్తానని, ముగింపు గీత దగ్గర అందరూ ఉంటారు కాబట్టి అక్కడికి వెళ్లాలంటేనే భయం వేసిందని చెప్పింది.

వాళ్లను రావద్దని చెప్పనా అని అడిగాను. వద్దన్నది. రావాలి, కానీ ముగింపు గీత దగ్గర వద్దు, ఆవలి వైపు 600 మీటర్ల గుర్తు దగ్గర నిలబడాలి, తను ఎన్నో స్థానంలో ఉన్నా ఆపకూడదు, అన్నది.

విల్లంబు_ఉట్నూరు
ఆ పిల్ల చెప్పిన నిశ్శబ్దం నాకు తెలుసు.

నిజామాబాద్_బాక్సర్_అమ్మ
చదువుతూ కళ్లు చెమర్చాయి అన్నా. ఆ బిడ్డకు నా తరఫున చెప్పండి, 600 మీటర్ల దగ్గర నేనూ ఉంటాను.

కాజీపేట_రైలు
జనం అరిస్తే బలం అని మొదట రాసింది నేనే. అరవడం మానేస్తే ఏమవుతుందో నేను ఎన్నడూ ఆలోచించలేదు. మ్యాచ్ చేజారుతున్నప్పుడు టీవీ కట్టేసి, స్టేడియంలో అయితే లేచి వెళ్లిపోయినవాళ్లలో నేనూ ఉన్నాను.

గోదావరిఖని_రెఫరీ
సార్, ఆ రోజు తుపాకీ పేల్చే ముందు కూడా నిశ్శబ్దం పాటించమని మీ ఊరివాళ్లకు చెప్పండి. ప్రారంభంలో గోల ఉంటే స్టార్టర్ పిల్లలను లేపి మళ్లీ నిలబెడతాడు, అది అందరికీ నష్టం.

పరకాల_పీఈటీ
చెప్తాను. నిన్న రాత్రి గ్రామ పంచాయతీ దగ్గర అందరినీ కూర్చోబెట్టి, ఆ పిల్ల మాటను ఆమె చెప్పినట్టే చెప్పాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. డప్పు కొట్టిన పెద్దాయన తల వంచుకొని, పిల్ల వెనకబడితే డప్పు కొట్టడం ఎగతాళి చేసినట్టు ఉంటుందేమోనని ఆపానని చెప్పాడు. ఆయన గౌరవంతోనే ఆపాడు. ఆ సంగతి పిల్లకు ఈ ఉదయం చెప్పాను. మొదటిసారి కొంచెం నవ్వింది.

సాధన కూడా మార్చాను. రోజూ మధ్యాహ్న భోజనం పళ్లాలతో ఆరో తరగతి పిల్లలు ట్రాక్ పక్కన నిలబడి మోగిస్తున్నారు. ఆ గోలలో ఆమె మొదటి ల్యాప్ 68కి తేవాలి. మొదటి రోజు 64 వచ్చింది, నాలుగో రోజు 67, ఈ రోజు 68.

కూత_వీరన్న
పీఈటీ సార్, ఆ డప్పు పెద్దాయన పక్కన నిలబడటానికి మా ఊరి నుంచి ఇద్దరిని తీసుకొస్తాను. నిలబడేది సరిగ్గా ఎక్కడో ఒక్కసారి చెప్పండి.

పరకాల_పీఈటీ
ముగింపు గీతకు ఐమూలగా, ట్రాక్‌కు ఆవలి వైపున, ఆఖరి మలుపు మొదలయ్యే చోట వీరన్న గారు. మొదటి ల్యాప్‌లో ఆమె అటు వచ్చినప్పుడు ఊరకే చూడండి. రెండోసారి వచ్చినప్పుడు మొదలుపెట్టి, ఆమె గీత దాటేదాకా ఆపకండి.

కూత_వీరన్న
ఆపము.